సారీ: ఒక చిన్న మాటను సరిగ్గా వాడటానికి పూర్తి మార్గదర్శి

నాన్న కర్మలు ముగించుకుని మళ్లీ పనిలో చేరిన మొదటి రోజు. సాయంత్రం కాల్‌లో అమెరికా వైపు నుంచి ఒకావిడ, మీటింగ్ మొదలవకముందే, "ఐ యామ్ సో సారీ అబౌట్ యువర్ ఫాదర్" అంది. ఏమనాలో నాకు తోచలేదు. మా నాన్న పోతే ఆవిడెందుకు సారీ చెప్పాలి, పాపం ఆవిడేం చేసింది? "నో ప్రాబ్లమ్, ఇట్స్ ఓకే" అనేశాను. రెండు మూడు సెకన్లు లైన్‌లో చడీచప్పుడూ లేదు. తర్వాత ఎవరో గొంతు సవరించుకుని అజెండా చదవడం మొదలుపెట్టారు.

తండ్రి పోయినా ప్రాబ్లమేమీ లేదన్న మనిషినయ్యాను వాళ్ల దృష్టిలో. రోజుకు ఇరవైసార్లు నోట్లో నలిగే మాటకు నాకు సగం అర్థమే తెలుసని ఆ రాత్రి తెలిసింది.

మనం సారీని బళ్లో నేర్చుకున్నాం. పక్కవాడి పెన్సిల్ విరగ్గొడితే టీచరమ్మ చెవి మెలేసి "సే సారీ" అనేది. అలా సారీ అంటే తప్పు ఒప్పుకోవడం అని బుర్రలో ముద్ర పడిపోయింది. అసలు ఆ మాట పుట్టింది నొప్పిలోంచి. తప్పు అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పబోయేవన్నీ సులువుగా అర్థమవుతాయి. అందుకే వాడుక కన్నా ముందు పుట్టుకతో మొదలుపెడుతున్నాను.

మొదటి అడుగు: మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి

వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్‌లో "సార్" అంటే నొప్పి, గాయం. (బళ్లో మనం పిలిచే సార్‌కి దీనికి చుట్టరికం లేదు. ఆ సార్, పెద్దవాడు అని అర్థమున్న లాటిన్ మాట "సీనియర్" నుంచి వచ్చాడు.) ఆ నొప్పికి చివర "ఇగ్" చేరిస్తే "సారిగ్" అయింది. నొప్పితో ఉన్నవాడు, దుఃఖంలో ఉన్నవాడు అని అర్థం. ఆ "ఇగ్" అరిగి అరిగి "ఈ" అయింది. డస్ట్‌కి డస్టీ, ఆయిల్‌కి ఆయిలీ ఎలాగో, నొప్పికి సారీ అలాగ.

మరి ఆ "సార్" ఇప్పుడెక్కడుంది? గొంతు నొప్పికి డాక్టర్ "సోర్ త్రోట్" అంటాడు చూడండి, అందులో ఉంది. పాత ఇంగ్లిష్‌లోని దీర్ఘమైన "ఆ" చాలా మాటల్లో "ఓ"గా మారిపోయింది. స్టాన్ అనేది స్టోన్ అయింది, బాన్ అనేది బోన్ అయింది, హామ్ అనేది హోమ్ అయింది. సార్ కూడా అదే దారిలో సోర్ అయింది. కాబట్టి సోర్, సారీ ఒకే తల్లి బిడ్డలు.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. దుఃఖం అనే అర్థమున్న "సారో"కి, సారీకి దగ్గరి చుట్టరికం ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. లేదు. సారో వేరే వేరు నుంచి వచ్చింది, పాత ఇంగ్లిష్‌లో అది "సోర్గ్". జర్మన్‌లో చింత, బెంగ అనే అర్థంతో దాని తోబుట్టువు "జోర్గె" ఇప్పటికీ ఉంది. అయితే పక్కపక్క ఇళ్లలో ఉన్నవాళ్ల యాస ఒకరిది ఒకరికి అంటుకున్నట్టు, సారో ప్రభావంతోనే సారీలోని అచ్చు పొట్టిదైంది. లేకపోతే ఇవాళ దాన్ని "సోరీ" అనాల్సింది. కెనడావాళ్లు నిజంగానే దాదాపు అలాగే అంటారు, అది వేరే కథ.

జర్మనీలో ఎమ్మెస్‌కి వెళ్లేందుకు ఏ1 క్లాసులో, అంటే జర్మన్ భాష మొదటి మెట్టులో, కూర్చున్న పిల్లలకు ఇంకో తమాషా. "జేర్ గూట్" అంటే చాలా బాగుంది అని మొదటి వారంలోనే నేర్పుతారు కదా. చాలా అనే అర్థమిచ్చే ఆ "జేర్" కూడా ఈ నొప్పి కుటుంబంలోదే. ఒకప్పుడు దాని అర్థం "నొప్పిగా". నొప్పి మాట "చాలా"గా మారడం మనకేం వింత కాదు. "చచ్చేంత ఆకలి", "చచ్చే నవ్వొచ్చింది" అంటాం, ఎవరూ చావరు. ఇంగ్లిష్‌లోనూ "సోర్లీ నీడెడ్" అంటే చాలా అవసరం అనే.

రెండో అడుగు: మీ ముందున్నది ఏ సారీయో తేల్చండి

ఇంగ్లిష్ డిక్షనరీలో అర్థాలకు నంబర్లుంటాయి. అవి ఎవరికీ గుర్తుండవు. నేను వాడే పరీక్ష సులువైనది: అదే సందర్భంలో తెలుగువాడి నోటి నుంచి ఏం వస్తుంది?

"తప్పయిపోయింది" అని వస్తే అది క్షమాపణ సారీ. దీని గురించి కొత్తగా చెప్పేదేం లేదు.

"అయ్యో" అని వస్తే అది నొప్పి సారీ. మాటకున్న పాత అర్థం ఇదే. ఎవరింట్లోనైనా చావు, జబ్బు, ఉద్యోగం పోవడం, పెళ్లి చెడిపోవడం, ఏ కబురు విన్నా "ఐ యామ్ సారీ టు హియర్ దట్" అంటారు. మీ బాధ విని నాకూ నొప్పిగా ఉంది అని దాని భావం. ఇందులో తప్పు ఊసే లేదు. నిజానికి ఈ సారీ మనకు తెలియనిదేం కాదు. సినిమాల్లో డాక్టర్ ఆపరేషన్ థియేటర్ తలుపు తోసుకుని బయటికొచ్చి, కళ్లజోడు తీసి, "ఐ యామ్ సారీ" అంటాడు. డాక్టర్ తప్పు చేశాడని హాల్లో ఎవరూ అనుకోరు, మనిషి పోయాడని క్షణంలో అర్థమైపోతుంది. అంతలా తెలిసిన అర్థం నిజజీవితంలో మన దాకా వచ్చేసరికి ఎందుకు తట్టదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

"ఏమీ అనుకోకండి" అని వస్తే అది మర్యాద సారీ. "సారీ, ఈ సీట్లో ఎవరైనా ఉన్నారా?", "సారీ, కానీ రేపు నేను రాలేను", "సారీ టు డిస్టర్బ్ యూ" వంటివి. ఎదుటివాళ్ల వీలును కాస్త కదిలించబోతున్నాం కాబట్టి ముందే వేసే చిన్న మెత్త ఇది. బ్రిటన్‌లో దీన్ని ఎంత ఎక్కువ వాడతారంటే, కాలు తొక్కించుకున్నవాడే సారీ చెబుతాడని వాళ్ల మీద వాళ్లే జోకులేసుకుంటారు.

"ఆఁ?" అని వస్తే అది వినబడని సారీ. చివర రాగం పైకి లేస్తుంది: "సారీ?" మళ్లీ చెప్పండి అని అడగడం అంతే. కాల్‌లో అవతలివాళ్లు ఇలా అంటే కంగారుపడి "నో నో, ఇట్స్ ఓకే" అనకండి, ఇందాక చెప్పిందే కాస్త నెమ్మదిగా మళ్లీ చెప్పండి. నేను విన్నంతలో మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఇవి కాక నోరు జారినప్పుడు దిద్దుకునే సారీ ఒకటుంది. "ట్యూస్‌డే, సారీ, వెడ్నస్‌డే" అంటే "కాదు కాదు" అని. దానికి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు.

ఒకే మాటలో క్షమాపణ, సానుభూతి రెండూ ఉండటం వల్ల కోర్టుల్లోనూ చిక్కు వచ్చింది. ఆపరేషన్ వికటించింది, డాక్టర్ "ఐ యామ్ సారీ" అన్నాడు. అది సానుభూతా, తప్పు ఒప్పుకోవడమా? లాయర్లు దాన్ని పట్టుకుంటారన్న భయంతో డాక్టర్లు నోరు మెదపడమే మానేసే పరిస్థితి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1986లో దీనికి చట్టం తెచ్చింది. ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లకు సానుభూతి చెబితే, సివిల్ కేసుల్లో దాన్ని బాధ్యత ఒప్పుకున్నట్టు లెక్కగట్టకూడదంది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. మనవాళ్లు బాగా ఉండే టొరంటో, బ్రాంప్టన్ నగరాలున్న కెనడాలోని ఆంటారియోలో 2009లో ఏకంగా "అపాలజీ యాక్ట్" వచ్చింది. అక్కడ ఇప్పుడు సారీ చెప్పినంత మాత్రాన సివిల్ కేసుల్లో బాధ్యత ఒప్పుకున్నట్టు కాదు.

మూడో అడుగు: పక్కన వచ్చే చిన్న మాటను సరిచూసుకోండి

సారీ తర్వాత ఫర్, అబౌట్, టు వస్తాయి. గ్రామర్ పుస్తకాలు వీటికి పేజీలు పేజీలు కేటాయిస్తాయి గానీ, రోజూ పనికొచ్చేది కొంచెమే.

మనం చేసిన పనికి ఫర్: "సారీ ఫర్ షౌటింగ్", "సారీ ఫర్ ద డిలే". జరిగిన సంగతికి అబౌట్: "సారీ అబౌట్ ద నాయిస్", "సారీ అబౌట్ యువర్ ఫాదర్". ఈ రెండింటి మధ్య గీత పల్చనిది, అటూ ఇటూ అయినా కొంప మునగదు.

కొంప మునిగేది ఫర్ తర్వాత మనిషి వచ్చినప్పుడు. "ఐ యామ్ సారీ ఫర్ యూ" అంటే "మీకు సారీ చెబుతున్నాను" అని మనం అనుకుంటాం. అవతలివాళ్లకు వినబడేది "నిన్ను చూస్తే జాలేస్తోంది" అని. గొంతులో కాస్త కరకుదనం ఉంటే అది జాలి కూడా దాటి "ఛీ, నీ బతుకు" దాకా పోతుంది. మనిషికి చెప్పాలంటే "టు" కావాలి, అదీ "సే" లాంటి క్రియతో: "ఐ సెడ్ సారీ టు హిమ్". "ఐ ఫీల్ సారీ ఫర్ హిమ్" అంటే మాత్రం వాడిమీద జాలిపడుతున్నానని.

ఇక "సారీ టు" తర్వాత క్రియ వస్తే, ఆ పని ఇప్పుడే చేస్తున్నాం లేదా చేయబోతున్నాం అని. ఫోన్ ఎత్తగానే "సారీ టు కాల్ యూ సో లేట్" అంటాం. మర్నాడు పొద్దున గుర్తుచేసుకుని చెబితే "సారీ ఫర్ కాలింగ్ యూ సో లేట్ లాస్ట్ నైట్". జరుగుతున్నదానికి టు, జరిగిపోయినదానికి ఫర్. ఇంతకు మించి నేనెప్పుడూ బుర్ర పాడుచేసుకోలేదు.

నాలుగో అడుగు: నామవాచకం ముందు కూర్చుంటే జాగ్రత్త

"ద బాయ్ ఈజ్ సారీ" అంటే కుర్రాడు బాధపడుతున్నాడు. అదే మాటను వస్తువుకో దృశ్యానికో ముందు పెడితే అర్థం తిరగబడుతుంది: "ఎ సారీ సైట్" అంటే చూడటానికే దీనంగా ఉన్నది, "ఎ సారీ ఎక్స్‌క్యూజ్" అంటే చెత్త సాకు, "సారీ స్టేట్ ఆఫ్ అఫైర్స్" అంటే అధ్వాన్న స్థితి. నొప్పితో ఉన్నది అనే అర్థమే, నొప్పి పుట్టించేంత హీనంగా ఉన్నది అని మారింది. 13వ శతాబ్దం నాటికే ఈ వాడుక ఉంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ షేక్స్‌పియర్ "మాక్‌బెత్"లో, రెండో అంకం రెండో రంగంలో ఉంది. రాజును నిద్రలో పొడిచి వచ్చిన మాక్‌బెత్ తన నెత్తుటి చేతులు చూసుకుని "దిస్ ఈజ్ ఎ సారీ సైట్" అంటాడు. ఎంత దారుణంగా ఉందీ దృశ్యం, అని. ఇది క్షమాపణ అనుకుని చదివితే ఆ రంగమే అర్థం కాదు. పక్కనున్న భార్య మాత్రం, అలా అనడం తెలివితక్కువ ఆలోచన అని కొట్టిపారేస్తుంది.

సారియర్, సారియెస్ట్ అనే రూపాలు కూడా ఎక్కువగా ఈ హీనార్థంలోనే వినిపిస్తాయి. ఎక్కువ క్షమాపణ చెప్పాలంటే అవి పనికిరావు, "సో సారీ", "రియల్లీ సారీ" అనాలి.

ఐదో అడుగు: పక్కింటి మాటలతో కలిపేయకండి

ఎక్స్‌క్యూజ్ మి పనికి ముందు, సారీ పని తర్వాత. రైల్లో జనంలోంచి దారి కావాలంటే మొదటిది, ఎవరి కాలైనా తొక్కితే రెండోది. బ్రిటన్‌లో రెంటికీ సారీయే సరిపెడతారు కాబట్టి అక్కడున్నవాళ్లకు ఈ బెంగ లేదు.

అపాలజీ పుట్టుక వింటే నవ్వొస్తుంది. గ్రీకులో "అపోలోగియా" అంటే న్యాయస్థానంలో నిందితుడు తన తరఫున చేసుకునే వాదన. సోక్రటీస్ విచారణ గురించి ప్లేటో రాసిన రచనను ఇంగ్లిష్‌లో "అపాలజీ" అనే అంటారు. దాన్నిండా సోక్రటీస్ తనను తాను సమర్థించుకోవడమే గానీ తప్పు ఒప్పుకున్నది లేదు. అలా సమర్థన నుంచి వచ్చిన మాట ఇవాళ పక్కా క్షమాపణ అయింది, నొప్పి నుంచి వచ్చిన సారీ రెండు పడవల మీద కాళ్లు పెట్టుకుని నిలబడింది. సందిగ్ధం లేకుండా తప్పు ఒప్పుకోవాలంటే "ఐ అపాలజైజ్" అనండి, దానికి సానుభూతి అర్థం లేదు. చావు ఇంటికి ఫోన్ చేసి మాత్రం "ఐ అపాలజైజ్" అనకండి, చంపింది మీరే అన్నట్టుంటుంది.

రిగ్రెట్ అన్నిటికన్నా తెలివైనది. సికింద్రాబాద్‌లోనో విజయవాడలోనో ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాళ్లందరికీ అది తెలుసు: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." ఇంగ్లిష్‌లో అయితే ఎవరు చింతిస్తున్నారో కూడా ఉండదు, చింతించబడుతుంది అంతే. బాధ ఉంది, బాధ్యత లేదు.

దేశాలు ఈ తేడాను చాలా జాగ్రత్తగా వాడుకుంటాయి. జలియన్‌వాలా బాగ్ కాల్పులకు నూరేళ్లు నిండబోతుండగా, 2019 ఏప్రిల్ 10న బ్రిటన్ ప్రధాని థెరిసా మే పార్లమెంటులో "డీప్లీ రిగ్రెట్" అన్నారు. మన దగ్గర చాలామంది ఎదురుచూసింది పూర్తి క్షమాపణ కోసం, అది రాలేదు. ఆస్ట్రేలియాలో ఆదివాసీ కుటుంబాల నుంచి పిల్లల్ని బలవంతంగా లాక్కున్న పాత విధానాల మీదా ఇదే గొడవ. 1999లో ప్రధాని జాన్ హోవార్డ్ పార్లమెంటులో పెట్టిన తీర్మానంలో రిగ్రెట్ ఉంది, సారీ లేదు. 2008 ఫిబ్రవరి 13న అప్పటి ప్రధాని కెవిన్ రడ్ లేచి "వియ్ సే సారీ" అన్నారు, ఒక్కసారి కాదు, మూడుసార్లు. అలా లాక్కున్న పిల్లల్ని తలచుకుంటూ అక్కడ 1998 నుంచి మే 26న "నేషనల్ సారీ డే" జరుపుతున్నారు. ఇంకో సంగతి, ఆస్ట్రేలియా ఆదివాసీల ఇంగ్లిష్‌లో "సారీ బిజినెస్" అంటే చావు జరిగినప్పుడు పాటించే సంతాపం, ఆ కర్మకాండ. వెయ్యేళ్ల నాటి నొప్పి అర్థం అక్కడ చెక్కుచెదరకుండా ఉంది.

ఆరో అడుగు: సారీ మెయిల్ రాయండి

నా పాత మెయిల్ ఒకటి, మక్కికి మక్కి: "సారీ ఫర్ ద ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్ డ్యూ టు సమ్ టెక్నికల్ ఇష్యూ, బట్ ద ఇన్‌పుట్స్ వర్ ఆల్సో రిసీవ్డ్ లేట్."

ఇందులో ఏం తప్పు జరిగిందో లేదు, ఎవరు చేశారో లేదు. ఏదో టెక్నికల్ ఇష్యూ ఆకాశం నుంచి ఊడిపడింది. "బట్" రాగానే ముందున్న సారీ మీద నీళ్లు చల్లినట్టయింది. నిజానికి జరిగింది ఇదీ: సోమవారం నేను పాత ఫైల్ పంపాను, అవతలివాళ్లు మధ్యాహ్నం దాకా దానిమీదే పనిచేశారు. అదే రాయాల్సింది:

"ఐ యామ్ సారీ ఐ సెంట్ ది ఓల్డ్ ఫైల్ ఆన్ మండే. యూ లాస్ట్ హాఫ్ ఎ డే బికాజ్ ఆఫ్ ఇట్. ద కరెక్ట్ వన్ ఈజ్ అటాచ్డ్. ఫ్రమ్ నౌ ఐ విల్ చెక్ ద డేట్ బిఫోర్ ఐ సెండ్."

నేను చేసిన పని, దానివల్ల మీకు పడ్డ దెబ్బ, ఇప్పుడు చేసిన దిద్దుబాటు, ఇకముందు తీసుకునే జాగ్రత్త. నాలుగు చిన్న వాక్యాలు చాలు. పేరా నిండా "ఎక్స్‌ట్రీమ్లీ సారీ", "సిన్సియర్లీ సారీ" దట్టిస్తే అవతలివాళ్లు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, పని ముందుకు సాగదు. ఇన్‌పుట్స్ ఆలస్యంగా వచ్చిన మాట నిజమే అయితే అది వేరే మెయిల్, వేరే రోజు.

"ఐ యామ్ సారీ ఇఫ్ ఎనీవన్ వాజ్ హర్ట్" అనే "ఇఫ్" సారీ నాయకులకు వదిలేయండి. ఎవరైనా బాధపడి ఉంటే, అంటే పడ్డారో లేదో నాకు నమ్మకం లేదు, పడితే అది మీ సున్నితత్వం. అంత అర్థం ఉంది అందులో.

ఏడో అడుగు: జవాబు నేర్చుకోండి

నేను బోల్తాపడింది ఇక్కడే కాబట్టి గట్టిగా చెబుతున్నాను. "అయ్యో" సారీకి జవాబు "థ్యాంక్ యూ". కావాలంటే "దట్ మీన్స్ ఎ లాట్" కలపండి. ఇట్స్ ఓకే, నో ప్రాబ్లమ్ కూడదు. చిన్నచిన్న తప్పుల సారీకి "నో వర్రీస్", "దట్స్ ఆల్ రైట్" చాలు. నిజంగా మనసు నొప్పించినవాళ్లు వచ్చి సారీ చెబితే, ఇంకా కోపం తగ్గకపోయినా, "ఐ అప్రీషియేట్ దట్" అనొచ్చు. క్షమించాను అనకుండానే విన్నాను అని చెప్పే మాట అది. దీనికి సరిజోడు మాట తెలుగులో నాకు దొరకలేదు, "సరేలే" దగ్గరికొస్తుంది గానీ కాస్త ముక్కు విరిచినట్టుంటుంది.

ఎనిమిదో అడుగు: తెలుగులో ఎక్కడ వాడాలో, ఎక్కడ మానాలో

తెలుగులో సారీ ఇప్పుడు తెలుగు మాటే. "సారీ అండీ", "సారీ రా", "ఓ సారీ పారేసి పోయాడు" అంటున్నాం. క్షమించండి అంటే సభలో మైకు పట్టుకున్నట్టుంటుంది కాబట్టి సారీ ఆ ఖాళీలో వచ్చి కూర్చుంది. అయినా మన మాటలు తక్కువవేం కావు. "క్షమ" అంటే ఓర్చుకోవడం, అందుకే భూదేవిని క్షమ అంటారు. "మన్నించు"లో మన్నన ఉంది, తప్పు చేసినా నన్ను గౌరవంగా చూడమని అడగడం.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు నేను సారీ కన్నా "ఏమీ అనుకోకండి బాబాయ్" అంటాను. చావు ఇంట్లో తెలుగులో మాట్లాడుతూ సారీ అసలు అనను. అక్కడ మనకు మాటే అక్కర్లేదు, వెళ్లి పక్కన కూర్చుంటాం. బస్సులో ఎవరికైనా కాలు తగిలితే వంగి చేత్తో తాకి కళ్లకద్దుకుంటాం, ఆ మనిషి ముఖం కూడా చూడం. దానికి ఏ భాషలోనూ మాట లేకపోయినా నష్టం లేదు.

పలికే తీరు గురించి ఒక్కటి చెప్పి ఆపుతాను. అమెరికన్లు సారీని "సారి" అని నోరు బాగా తెరిచి పలుకుతారు. మన చీరకు ఇంగ్లిష్‌లో ఉన్న పేరు కూడా వాళ్ల నోట అచ్చం అలాగే వస్తుంది. డల్లాస్‌లో సంక్రాంతి సంబరానికి వచ్చిన పక్కింటావిడ మీవైపు చూసి "బ్యూటిఫుల్ సారి" అంటే కంగారుపడి "నో నో, ఇట్స్ ఓకే" అనకండి. థ్యాంక్ యూ అని, ఎక్కడ కొన్నారో చెప్పండి.